స్టిక్కర్ నేను మార్చలేదు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నా మాట నమ్మిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. భన్వర్‌టంక్ ఘాట్‌లో గూడ్సు ఆగినప్పుడు ఒక ఎలుగుబంటి బండి చివరనున్న నా బ్రేక్‌వ్యాన్ ఎక్కి, టిఫిన్ డబ్బా మూత తీసి, ఉప్మా తిని, కరివేపాకు మాత్రం ఏరి పక్కన పెట్టి దిగిపోయిందని ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. మొదట్లో అది ఉప్మా తిని ఊరుకునేది. ఏడాదికేడాది దానికి మర్యాదలు పెరిగాయి. ఇప్పుడు దిగేముందు పచ్చజెండా కూడా ఊపుతుంది. వినేవాళ్లు నవ్వుతారు, ఇంకో టీ చెప్పమంటారు, ఎవరి ఇంటికి వాళ్లు పోతారు. గూడ్సు గార్డుగా చేరినవాణ్ణి. ఈమధ్య మా పేరు మార్చి ట్రైన్ మేనేజర్లన్నారు. పేరు మారింది కాని, అడివిలో ఆగిన బండి చివర ఒంటరిగా కూర్చోవడం మారలేదు. ఒంటరిగా కూర్చున్నవాడికి కథలు కాక ఇంకేం పుడతాయి?

అలాంటి నన్ను కాలనీ మొత్తం ఒకే ఒక్కసారి నమ్మింది. నేను దొంగనని నా నోటితో చెప్పినప్పుడు.

సంగతి గ్రైండర్ది. మా ఆవిడ మినప్పప్పు రుబ్బీ రుబ్బీ మూడు మిక్సీలు కాల్చేసింది. మా పెద్దవాళ్లయితే విజయనగరం నుంచి రాతి రోళ్లు మోసుకొచ్చి క్వార్టర్ల వరండాల్లో పాతేవారు. ఆ తర్వాతివాళ్లు బండిలో బెర్తు కింద గ్రైండర్ పెట్టి, దాని మీద కాళ్లు పెట్టి, రాత్రంతా నిద్రపోకుండా తెచ్చుకునేవారు. ఎందుకంటే ఈ ఊళ్లో వెట్ గ్రైండర్ అడిగితే షాపువాడు మన మొహం వైపు జాలిగా చూసి మిక్సీ చూపించేవాడు. అలాంటిది ఈమధ్య తెరిచిన ఒక పెద్ద షోరూమ్‌లో గ్రైండర్లు వచ్చాయని విన్నాం. అద్దాల తలుపులు, చలి పుట్టించే ఏసీ, గుమ్మంలో నమస్కారం పెట్టడానికే జీతమిచ్చి నిలబెట్టిన ఒక మనిషి. లోపల అడుగుపెట్టగానే మనం ఏదో తప్పు చేసి వచ్చామేమో అనిపించేంత శుభ్రం.

సేల్స్‌మన్‌కి అదేం యంత్రమో తెలియదు. "ఇడ్లీ మశీన్" అన్నాడు. రెండే పీసులు వచ్చాయట, ఒకటి వారం కిందటే అమ్ముడుపోయిందట, మిగిలింది ఇదేనట. అట్టపెట్టె సీలు విప్పలేదు. పెట్టె మీద ఆ కంపెనీ చేసే గ్రైండర్ల బొమ్మలన్నీ ఉన్నాయి, అసలు లోపల ఉన్న రకం పేరు మాత్రం చీమల బారులా చిన్నక్షరాల్లో ఉంది. గార్డు కళ్లు నావి, రెండు కిలోమీటర్ల అవతల సిగ్నల్ చూసేవి. చదివాను. గిన్నెను ఒక పక్కకి వంచి పిండి దించుకునే రకం అది. దాని మీద షాపువాడు అతికించిన స్టిక్కర్: నాలుగువేల ఎనిమిదివందల తొంభై.

ఆ రకం అంత తక్కువకి రాదని నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించను. కాని షాపుకి దాని సరుకు రేటు దానికి నేర్పడం నా ఉద్యోగం కాదు. అయినా బిల్లు కౌంటర్‌లో అడిగాను కూడా.

"ఇదేనా రేటు?"

"జో లిఖా హై వహీ హై, అంకుల్," అంది కౌంటర్‌లో అమ్మాయి, తల ఎత్తకుండా. రాసిందే రేటు. స్టిక్కర్ మీద మిషన్ పెట్టింది, అది కూత పెట్టింది, నేను ఫోన్‌తో డబ్బు కట్టాను, బిల్లు ఇచ్చింది. బిల్లు అడుగున ఒక వాక్యం అచ్చయి ఉంది: ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఆ వాక్యం ఈ దేశంలో ప్రతి షాపువాడూ దేవుడి పటం పక్కన పెట్టుకునేదే కాబట్టి నేను పట్టించుకోలేదు.

అంతే జరిగింది. నిజం ఎప్పుడూ ఇంతే, అరనిమిషంలో అయిపోతుంది.

మర్నాడు డ్యూటీకి బుక్ అయ్యేముందు, మేం హాజరు వేయించుకునే లాబీ బయట టీకొట్టు దగ్గర నలుగురు చేరారు. కొత్త గ్రైండర్ సంగతి అడిగారు. "స్టిక్కర్ తప్పుంది, కొన్నాను, వచ్చేశాను" అని చెబితే ఎవడు టీ చెబుతాడు? నా నోరు దానంతట అది బయల్దేరింది. పక్కనున్న టేబుల్ ఫ్యాన్ పెట్టె మీద స్టిక్కర్‌ని బొటనవేలి గోరుతో ఊడదీశానన్నాను. సేల్స్‌మన్‌ని ఇస్త్రీపెట్టె తెమ్మని పంపానన్నాను. పైన కెమెరా నా వైపు తిరిగితే దానికి నా గార్డు టోపీ తగిలించానన్నాను. ఆ టోపీ పెట్టుకోవడం మేం మానేసి ఎన్నేళ్లయిందో దేవుడికి తెలియాలి. చివరికి మేనేజర్ తనే పెట్టె మోసుకొచ్చి ఆటో ఎక్కించి, మళ్లీ రండి సార్ అన్నాడని ముగించాను.

ఎవరూ నవ్వలేదు. నేను అప్పుడే గమనించి ఉండాల్సింది. ఎలుగుబంటికి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు, దీనికి తల ఊపారు. "అచ్ఛా..." అన్నాడొకడు, చాలా గౌరవంగా.

చూశారా మనుషుల తీరు? పచ్చజెండా ఊపే ఎలుగుబంటిని నమ్మడానికి కొంచెం ఊహ కావాలి. పక్కింటివాడు దొంగ అని నమ్మడానికి ఏమీ అక్కర్లేదు.

మూడోరోజు షోరూమ్ మేనేజర్ ఫోన్ చేశాడు. బిల్లు కౌంటర్ అమ్మాయి మా కాలనీదే, కథ ఆమె ద్వారా అక్కడికి చేరింది. మేనేజర్ గొంతు నేతిలో ముంచి తీసినట్టుంది. నేను స్టిక్కర్ మార్చినట్టు తనకి తెలిసిందట. అసలు రేటు ఎనిమిదివేల ఏడువందల నలభైయట. తేడా మూడువేల ఎనిమిదివందల యాభై కట్టాలట, లేదా సరుకు వెనక్కి ఇవ్వాలట. రెండూ చేయకపోతే పోలీసు కంప్లైంట్. సర్కారు ఉద్యోగం కదా, ఆలోచించుకోండి అని చివర్లో నా మేలు కోరాడు.

ఆ సాయంత్రానికి కాలనీలో ప్రతివాడూ వకీలైపోయాడు. షాపు తప్పైనా తేడా కట్టాల్సిందే అన్నాడొకడు. స్టిక్కర్ మీద రాసిన రేటుకి అమ్మి తీరాలి, కాదంటే షాపు మూయించొచ్చు అన్నాడు ఇంకొకడు. వీళ్లిద్దరూ జీవితంలో ఒక్క బిల్లు కూడా చివరిదాకా చదవలేదు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. అవతలి మనిషి ఓపికగా చెప్పాడు. అరలో ఉన్న రేటు చూసినంత మాత్రాన మనకు హక్కు రాదు, కౌంటర్ దగ్గర కాదు పొమ్మనే వీలు షాపుకి ఉంటుంది. కాని బిల్లు వేసి, డబ్బు తీసుకుని, సరుకు చేతికిచ్చేశాక అమ్మకం పూర్తయినట్టే. తన పొరపాటుకి షాపు తర్వాత వచ్చి తేడా అడగడం కుదరదు.

"అయితే ఒక మాట," అన్నాడతను. "రేటు మీరే మార్చి ఉంటే అది వినియోగదారుడి కేసు కాదు. మోసం కేసు."

అదీ సంగతి. గ్రైండర్ నాదా కాదా అన్నది అసలు ప్రశ్నే కాదు. స్టిక్కర్ ఎవరు మార్చారు? ప్రపంచంలో ఒక్క సాక్షి ఉన్నాడు, నేనే. ఆ సాక్షి టీకొట్టు దగ్గర నేరం ఒప్పేసుకున్నాడు, అభినయంతో సహా.

మా ఆవిడ గ్రైండర్ని తుడిచి, మళ్లీ అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టింది. నా వైపు చూడకుండా అడిగింది.

"నిజం సెప్పండి. మార్సినారా, లేదా?"

"మార్చలేదే."

"మరెందుకు సెప్పినారు?"

"కథ బాగుంటాదని."

తాడు ముడి ఇంకోసారి బిగించింది. తర్వాత, "పోలీసులొచ్చినా అదే సెప్పండి. కథ బాగుంటాదని సెప్పినానండి అనండి," అంది. "నీళ్ల కాడ ఆడోళ్లు నన్ను సూసి మాటలు మానేత్తన్నారు. తెల్సా మీకు? దొంగ గ్రైండర్లో ఇడ్లీ ఎలగుందమ్మా అని అడిగిందొకత్తి."

ఎలుగుబంటి కథకి ఇరవై ఏళ్లుగా నా భార్య తల దించుకోలేదు. దీనికి దించుకుంది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

ఇలాంటి తగువులు మా తెలుగువాళ్లలో వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి దగ్గరకు పోతాయి. డివిజన్ ఆఫీసులో పెద్ద సూపరింటెండెంట్‌గా చేసి రిటైరై, అర్పా నది అవతల రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అందరికీ బాబాయే. నోటిమాట నమ్మడు, కాగితం నమ్ముతాడు. పెళ్లికి పిలిస్తే శుభలేఖ వచ్చిన తేదీ దాని మూల మీద రాసుకుంటాడు. ఆయన నా విషయంలో జాయింట్ నోట్ రాద్దామని నిర్ణయించాడు.

రైల్వేలో ఒక వ్యాగన్ పట్టా తప్పిందనుకోండి. పట్టావాళ్లు చక్రం తప్పంటారు, చక్రంవాళ్లు పట్టా తప్పంటారు, డ్రైవర్ సిగ్నల్ వైపు చూపిస్తాడు. అందరూ ఆ పడిపోయిన వ్యాగన్ పక్కనే కూర్చుని ఒకే కాగితం మీద ఎవరి వాదన వాళ్లు రాసి సంతకాలు పెడతారు. అదే జాయింట్ నోట్. వ్యాగన్ ఎత్తేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లు మాట్లాడరు. జీవితమంతా ఇది చేసినవాళ్లకి రిటైరయ్యాక చేతులు ఊరుకోవు.

ఆదివారం సాయంత్రం బాబాయ్ ఇంటి హాల్లో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో బాబాయ్. ఒక పక్క రిటైరైన లోకో డ్రైవర్, ఇంకో పక్క రిటైరైన పట్టా ఇన్‌స్పెక్టర్. ఎదురుగా నేను. షోరూమ్ మేనేజర్‌కి కూడా బాబాయ్ సబ్జెక్టూ రిఫరెన్సూ వేసి ఉత్తరం పంపాడు. అలాంటి ఉత్తరం చూస్తే ఎవరికైనా కాళ్లు వాటంతట అవే నడుస్తాయి. ఫైలు పట్టుకుని వచ్చాడు.

"ఒక్క ముక్కలో సెప్పు," అన్నాడు బాబాయ్ పెన్ను తీసి. "స్టిక్కర్ నువ్వు మార్సినావా, లేదా?"

"లేదు బాబాయ్. రేటు ఇదేనా అని కౌంటర్లో అడిగినాను కూడా."

"ఏటన్నారు?"

ఇక్కడ ఆగితే సరిపోయేది. కాని ముగ్గురు పెద్దవాళ్లు నోళ్లు తెరుచుకుని నా వైపే చూస్తున్నారు. అలాంటి శ్రోతలు దొరికితే నా నాలుక నా మాట వినదు. "ఆ పిల్ల లేచి నిలబడి, మీలాంటి నిజాయితీపరుడిని నా సర్వీసులో సూడలేదు అంకుల్ అని కళ్లు తుడుసుకున్నాది..."

"ఎలుగుబంటి ఎంతలో వత్తాదిరా ఇందులోకి?" అన్నాడు లోకో డ్రైవర్.

బాబాయ్ పెన్ను మూత పెట్టేశాడు. "రాసుకోడానికేటీ లేదు. ముద్దాయి నోరే సాక్ష్యం. టీకొట్టు కాడ ఒప్పుకున్నాడు, ఇక్కడ కూసున్నా అబద్ధమాడతన్నాడు." మేనేజర్ వైపు తిరిగి హిందీలో, వీడు తేడా కడతాడు, కంప్లైంట్ వద్దు, మా పరువు అని చెప్పడం మొదలుపెట్టాడు. మేనేజర్ ఫైలు తెరిచి, బాబాయ్‌ని పెద్దమనిషి అని తెగ మెచ్చుకున్నాడు. నన్ను దొంగని చేసి క్షమించేయడానికి వాళ్లకి అయిదు నిమిషాలు పట్టింది. కట్టేస్తే అయిపోతుందనిపించింది నాకూ. కాని కట్టానంటే మార్చానన్నట్టే. మా ఆవిడ నీళ్ల దగ్గరికి ఇక ఎప్పుడూ తల ఎత్తి పోయే వీలుండదు.

అప్పుడే పిన్ని, అంటే బాబాయ్ భార్య, ఒక పళ్లెంలో గారెలు తెచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని నడుస్తోంది.

"తినండి నాన్నా. కొత్త గ్రైండర్లో రుబ్బినాను. పిండి తీసీసరికి నడుం ఇరిగిపోయిందనుకోండి. రాయి పైకి తియ్యాల, గిన్నె ఎత్తాల. అంత డబ్బోసి కొన్నారు గాని ఒంచుకోడానికి లేదు."

"ఖరీదైన సరుకు బరువుగానే ఉంటాది," అన్నాడు బాబాయ్.

గారె నోటి దగ్గరే ఆగింది నాకు. "ఎంత డబ్బోసినారు పిన్నీ?"

"ఎనిమిదివేల ఏడొందల నలభై."

మేనేజర్ నా దగ్గర అడుగుతున్న అంకె, పైసాతో సహా అదే. మేనేజర్ ఫైలు మెల్లగా మూశాడు.

"ఎక్కడ కొన్నారు?"

"ఇదిగో, ఈ బాబు షాపులోనే. పది పన్నెండు రోజులైంది. మీ బాబాయ్ రెండు పెట్టెలూ సూసి, ఎక్కువ రేటున్నదే మంచిదని ఏరి మరీ తెచ్చినారు."

నాకు అర్థమైంది. రెండే పీసులు వచ్చాయి. ఊరి చివర సిర్గిట్టి గోడౌన్‌లోనో, షోరూమ్‌లోనో, గ్రైండర్ అంటే ఏమిటో తెలియని ఎవడో ఒకడు రెండు స్టిక్కర్లూ తారుమారుగా అతికించాడు. మామూలు రకం మీద పెద్ద రేటు పడింది, అది బాబాయ్ ఇంటికొచ్చింది. వంచే రకం మీద చిన్న రేటు పడింది, అది మా ఇంటికొచ్చింది. నేను ఆ షోరూమ్ గడప తొక్కడానికి వారం ముందే తప్పు జరిగిపోయింది. ఆ సంగతి రుజువు చేసే కాగితం ఒక్కటే ఉంది. అది నాకు శిక్ష వేస్తున్న మనిషి ఇంట్లో ఉంది.

"పిన్నీ, పెట్టె పారేసినారా?"

"పెట్టెలు పారేత్తారేటి ఈ ఇంట్లో?" అంది పిన్ని అటక వైపు చూపిస్తూ. పారేయరు. ట్రాన్స్‌ఫర్ వస్తే సామాను సర్దాలని రైల్వేవాళ్లు ప్రతి అట్టపెట్టే దాస్తారు. బాబాయ్ రిటైరై ఆరేళ్లయింది. ఇంక ఆయన్ని ఎవరూ ఎక్కడికీ బదిలీ చేయలేరు. అయినా ఆయన అటక చూస్తే ఇంకా రేపే ఆర్డరు వస్తుందన్నట్టుంది. పట్టా ఇన్‌స్పెక్టర్ స్టూలెక్కి గ్రైండర్ పెట్టె దించాడు. బిల్లు అందులోనే, ప్లాస్టిక్ కవర్లో ఉంది.

బాబాయ్ పెట్టె వైపు చూడలేదు. "గారెలు సల్లారిపోతన్నాయి, తినండి," అన్నాడు.

ఆయన మొహం అప్పుడు చదివాను. పెట్టె తెరవకపోతే నేను దొంగను. తెరిస్తే ఆయన, రెండు రేట్లు చూసి ఎక్కువదే మంచిదని ఏరుకుని, మామూలు గ్రైండర్‌కి దాదాపు రెట్టింపు కట్టి, పన్నెండు రోజులు ఆ వీధంతా గొప్ప చెప్పుకున్న మనిషి. డివిజన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్లు పరాయివాడి లెక్కలో తప్పు పట్టినవాడు. ఆయన గారె తింటూ కూర్చుంటే చాలు, ఎవరూ ఏమీ అనరు.

నేను ఏదైనా చెబితే చెడుతుందని తెలిసి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ ఊరుకోలేదు. పెట్టె మీద షాపు స్టిక్కర్ని వేలితో తడిమాడు. "దీని కింద ఏటో అచ్చుంది," అన్నాడు. వేడి టీగ్లాసు దాని మీద కాసేపు పెట్టి, గోరుతో మెల్లగా లాగాడు. టీకొట్టు దగ్గర నేను కట్టిన కథలో చేసిన పని అదే, ఆయన నిజంగా చేస్తున్నాడు. స్టిక్కర్ ఊడింది. దాని కింద కంపెనీ అచ్చేసిన ఎమ్మార్పీ: అయిదువేల రెండువందలు.

బాబాయ్ కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. బిల్లు తీసుకున్నాడు. అందులో రాసింది వంచే రకం. తేదీ చదివాడు. నా బిల్లు అడిగి పక్కన పెట్టుకుని ఆ తేదీ కూడా చదివాడు. నోటిమాటైతే ఆయన కొట్టిపారేసేవాడు. కాగితాన్ని కొట్టిపారేయడం ఆ మనిషికి చేతకాదు. అది ఆయన మంచితనం అనను. అలవాటు.

"బైఠియే," అన్నాడు మేనేజర్‌తో. అతను అప్పటికే లేచి నిలబడ్డాడు.

"సార్, మీ విషయం వేరు," అన్నాడు మేనేజర్, హిందీలో, తీయగా. "మీరు రేటు చూసి ఇష్టపడి కొన్నారు."

"వీడు?"

"వీరి విషయంలో సిస్టం మే గల్తీ హో గయీ." సిస్టంలో పొరపాటట.

"అంటే నేనెక్కువ కడితే అది రేటు. వాడు తక్కువ కడితే గల్తీ."

మేనేజర్ నవ్వాడు. షోరూమ్‌లో నేర్పే నవ్వు, ఏ ప్రశ్నకైనా అదే జవాబు. ఎమ్మార్పీ కంటే తక్కువకి అమ్మడం షాపు ఇష్టం, దానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఎక్కువకి అమ్మడం నేరం, ఎమ్మార్పీ మీద తన స్టిక్కర్ అతికించి దాయడం ఇంకో నేరం. నా దగ్గర పోలీసుల పేరెత్తినవాడి చేతుల్లోనే నేరం ఉంది. బాబాయ్ ఇదంతా ఆఫీసు హిందీలో, ఒక్క మాట కూడా గొంతు పెంచకుండా చెప్పాడు.

మేనేజర్‌కి ఇంకో తెలివి వచ్చింది. మీరిద్దరూ గ్రైండర్లు మార్చుకోండి సార్, ఎవరు కట్టినదానికి వారి సరుకు వారికి వచ్చేస్తుంది, మా షాపు లెక్క ఎలాగూ సరిపోయింది అన్నాడు. అవును, సరిపోయింది. ఒకటి పెద్ద రేటుకి, ఒకటి చిన్న రేటుకి అమ్ముడైంది, షాపుకి ఒక్క పైసా పోలేదు. అయినా నా దగ్గర మళ్లీ మూడువేల ఎనిమిదివందల యాభై గుంజడానికి పోలీసుల్ని తెస్తానన్నాడు. ఆ గుంజుకోవడానికి మాత్రం ఏ సిస్టం గల్తీ అడ్డురాలేదు.

మార్చుకోవడం న్యాయంగానే వినిపించింది. లోకో డ్రైవర్ తల కూడా ఊపాడు. పట్టా ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు.

"పట్టా వంకరగా ఏసినోడు, చక్రాలు కొంచెం జరపండి బాబూ అంటే నా సర్వీసులో ఒప్పుకోలేదు."

"మాల్ వాపస్ నహీ హోగా సార్, బిల్ మే లిఖా హై," అన్నాడు మేనేజర్ చివరి ప్రయత్నంగా, బాబాయ్ బిల్లు అడుగు చూపిస్తూ.

బాబాయ్ ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "మంచిది. అమ్మిన సరుకు వాపసు లేదు కదా? అయితే వీడికి అమ్మిందీ వాపసు లేదు. వాడి గుమ్మం తొక్కకు. వాపసు ఉందంటావా? అయితే ముందు నాది తీసుకుని, బిల్లులో ఏ రకం రాశావో ఆ రకం నా ఇంటికి తెచ్చి పెట్టు. రెండిట్లో నీకేది కావాలో కాగితం మీద రాసి ఇయ్యి."

పిన్ని వంటింటి గుమ్మంలోంచి, "ఒంచుకునేదే తెమ్మనండి!" అంది.

మేనేజర్ వరండాలోకి వెళ్లి యజమానితో ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు. అయిదు రోజుల్లో వంచే గ్రైండర్ రాజ్‌కిశోర్ నగర్ చేరింది. మామూలుది తీసుకుపోయారు. నా గ్రైండర్ ఊసు ఎవరూ ఎత్తలేదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదనే ఆ వాక్యం పుట్టినప్పటి నుంచి కొన్నవాడికి పనికొచ్చింది బహుశా మా ఇద్దరికే.

జాయింట్ నోట్ మాత్రం ఆ సాయంత్రమే రాశారు. బాబాయ్ తన బిల్లునీ, ఊడదీసిన స్టిక్కర్నీ దానికి పిన్ను కొట్టాడు. తన పేరు ఎక్కడ రాయాలో అక్కడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, కాని రాశాడు. చివర్లో తేల్చిన మాట రెండు ముక్కలు. ఇతడు అబద్ధాలకోరు. దొంగ కాడు. కింద మూడు సంతకాలు, తేదీలతో.

"ఇది తీసికెళ్లి నీ పెళ్లానికియ్యి," అన్నాడు బాబాయ్. "టీకొట్టు కాడ నాలుగు రోజులు నోరు మూసుకో."

మా ఆవిడ రెండుసార్లు చదివింది. మొదటి ముక్కకి తల ఊపింది, రెండో ముక్క దగ్గర ఆగింది. తర్వాత గ్రైండర్ పెట్టె తాడు విప్పింది. ఆ కాగితాన్ని జిరాక్స్ తీయించి, నీళ్లకి పోయినప్పుడు తీసుకుపోయింది. అసలుది బీరువాలో పెళ్లి ఫొటో కింద ఉంది. ఇన్నేళ్ల సర్వీసులో నాకు వచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే.

నాలుగు రోజులు కాదు, వారం ఆగి టీకొట్టుకి పోయాను. నిజం చెప్పాను. స్టిక్కర్లు తారుమారయ్యాయి, బాబాయ్ ఎక్కువ కట్టాడు, నేను తక్కువ కట్టాను, అని. అరనిమిషంలో అయిపోయింది.

"బాబాయ్ మోసపోయాడా? ఆయన?" అని విరగబడి నవ్వారు. ఎలుగుబంటికి కూడా అంత నవ్వలేదు. జిరాక్స్ చూపిస్తే, నువ్వే రాసుకున్నావన్నారు.

లేచి వస్తుంటే ఒక కుర్ర గార్డు వెంటపడ్డాడు. కాలనీ గేటు దాకా వచ్చాడు. అక్కడ నాలుగు పక్కలా చూసి గొంతు తగ్గించాడు.

"భయ్యా, ఇంట్లో ఫ్రిజ్ కొనాల. నీ డ్యూటీ లేని రోజు సూసి నాతో ఒక్కసారి షోరూమ్‌కి వత్తావేటి? స్టిక్కర్ సంగతి నువ్వు సూసుకో, బయట ఆటో నేను పెడతాను."

"నేను మార్చలేదురా."

"అచ్ఛా, సెప్పొద్దులే," అని కన్ను గీటాడు.

పోనీ, ఎలుగుబంటి సంగతైనా నమ్ముతావా అని అడిగాను.

"అదెలగ నమ్ముతాననుకున్నావు భయ్యా?" అన్నాడు, నొచ్చుకుని.